తెగిన పోగు ఎక్కడ?

జనవరి 14 వచ్చిందంటే సూరత్ జనం ఇళ్లలో ఉండరు, డాబాల మీద ఉంటారు. పతంగుల పండగ ఉత్తరాయణ్ ఒకరోజు, మర్నాడు వాసీ ఉత్తరాయణ్ ఇంకోరోజు. ఒకరి చేతిలో ఊంధియూ కూర పళ్లెం, ఇంకొకరి చేతిలో దారం చుట్టిన ఫిర్కీ. గాజుపొడి పట్టించిన సూరతీ మాంజాకు గుజరాత్ అంతటా గిరాకీ. పండగ వెళ్లాక ఆ వీధుల్లో తలెత్తి చూడండి. స్తంభం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పిట్టగోడకు వేలాడే నల్లటి కేబుళ్లకు రంగురంగుల దారాలు చుట్టుకుని ఉంటాయి. చిక్కుకున్న పతంగి కోసం పిల్లలు దారం లాగితే కేబుల్ కూడా దాంతోపాటు వస్తుంది. అది తెగాల్సిన పనిలేదు, ఒకచోట గట్టిగా మడతపడితే చాలు. కింద గదిలో టీవీ పక్కన ఉన్న తెల్ల డబ్బా మీద ఎర్ర దీపం వెలుగుతుంది.

"అన్నా, నెట్ వస్తలేదు. జర మనిషిని పంపరాదే?"

ఈ మాట సూరత్‌లో తెలుగులో వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి సాంచెల (మరమగ్గాల) మీద పనికి వచ్చి లింబాయత్, ఉధనా చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్లలో పద్మశాలీలే ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఊరికి పోవాలంటే విజయవాడ, వరంగల్ మీదుగా వచ్చి అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. తాతలు మగ్గం మీద బతికారు, తండ్రులు సాంచె మీద. ఇప్పుడు ఆ ఇళ్లలోనే కోడళ్లు చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి హైదరాబాద్‌కూ విజయవాడకూ అమ్ముతున్నారు. కొడుకులు రింగ్‌రోడ్డు మార్కెట్లో కూర్చుని సరుకు కొనే పార్టీలకు బిల్టీలు (రవాణా రసీదులు), జీఎస్టీ బిల్లులు మెయిల్ చేస్తున్నారు. నెట్ ఆగితే ఈ ఇళ్లలో ఆగేది సీరియల్ ఒక్కటే కాదు.

నెట్ రాకపోవడానికి కారణం ఒకటి ఉండదు. ఫోనుకూ రూటర్‌కూ మధ్య ఒక లంకె, రూటర్‌కూ కంపెనీ ఆఫీసుకూ మధ్య ఒకటి, అక్కడి నుంచి బయటి ప్రపంచానికి ఇంకొకటి, అన్నిటి చివరా మీ మెయిల్ ఖాతా. సాంచె నడిపినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? పడుగులో ఒక పోగు తెగితే బట్టంతా విప్పరు. తెగిన పోగు ఎక్కడుందో చూసి అక్కడే ముడేస్తారు. ఇంటి ఇంటర్నెట్ విషయంలో మాత్రం చాలామంది వెతకరు, నేరుగా గుండుసూది తీసి రూటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో గుచ్చుతారు. ఆపి మళ్లీ పెట్టడం వేరు, ఆ రంధ్రంలో గుచ్చడం వేరు. మొదటిది రీస్టార్ట్. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి, దీపాలు కుదురుకునే దాకా రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే రూటర్‌లో పేరుకున్న పాత లెక్కలు చెరిగిపోయి సగం తగాదాలు అక్కడే తీరతాయి. రెండోది రీసెట్. కంపెనీ మనిషి వచ్చి ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సెట్టింగులు అన్నీ దాంతో తుడిచిపెట్టుకుపోతాయి. ఇక అతను మళ్లీ వచ్చేదాకా ఆ డబ్బా ఉత్త డబ్బానే. నన్నడిగితే ఆ రంధ్రం మీద ప్లాస్టర్ ముక్క అంటించాలి.

దీపాల భాష

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో గోడకు బిగించి ఉండే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. దాని మీద వరసగా చిన్న దీపాలుంటాయి. పవర్ సంగతి అందరికీ తెలుసు. పీఓఎన్ అని రాసున్నది నిలకడగా పచ్చగా ఉంటే కంపెనీ ఆఫీసుతో లంకె కుదిరినట్టు, మినుకుమినుకుమంటే ఇంకా కుదరక తంటాలు పడుతున్నట్టు. ఎల్ఓఎస్ అని ఉన్నచోట ఎరుపు కనిపిస్తే కాంతి మీ ఇంటిదాకా రావడమే లేదు. అప్పుడు రూటర్ ముందు కూర్చుని మీరేం చేసినా ప్రయోజనం ఉండదు. పీఓఎన్ పచ్చగానే ఉండి, ఇంటర్నెట్ అని రాసిన దీపం ఆరిపోయినా ఎర్రబడినా తీగ బాగానే ఉందన్నమాట. ప్లాన్ గడువు అయిపోయి ఉండాలి, లేదా లాగిన్ దగ్గర చిక్కొచ్చి ఉండాలి. రీఛార్జి తేదీ మర్చిపోయి లైన్‌మన్‌ను తిట్టే ఇళ్లు తక్కువేం కాదు.

ఆ కేబుల్ లోపల ఉన్నది గాజు పోగు. మందం 125 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుకంత. అందులోనూ వెలుగు నడిచే దారి నడిమధ్య 9 మైక్రాన్ల మేరే. వంకర తిరిగిన గాజు పోగుల కట్ట గుండా కాంతిని పంపి, బొమ్మను ఇవతలి నుంచి అవతలికి చేర్చవచ్చని 1954లో లోకానికి చూపినవాళ్లలో పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. వార్తలు మోసేందుకు ఈ గాజు పనికొస్తుందని 1966లో సిద్ధాంతం కట్టిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ వచ్చింది. గాజు పోగుకు తడి అంటే పెద్ద భయం లేదు, తుప్పు పట్టదు. దానికి పడనిది మడత. బీరువా వెనక నొక్కుకుపోయినా, తలుపు సందులో నలిగినా, పని తీరుగా కనిపించాలని మేకుకు బిగించి చుట్టినా వెలుగు ఆ వంపు దగ్గరే బయటికి జారిపోతుంది. ఎర్ర దీపం వెలిగినప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటే. గోడ నుంచి పెట్టెదాకా కేబుల్‌ను కళ్లతో వెంబడించి, మడత ఉంటే నెమ్మదిగా సాపు చేయండి. పెట్టె దగ్గరున్న ప్లగ్ వదులైందేమో చూడండి. ఊడదీసి అందులోకి మాత్రం తొంగి చూడొద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేస్తుంది.

లైన్‌మన్ వచ్చినప్పుడు అతని చేతిలో సెల్‌ఫోనంత పరికరం ఉంటుంది. పేరు పవర్ మీటర్. "భయ్యా, పవర్ కిత్నా ఆ రహా హై?" అని అడగండి. మైనస్ గుర్తుతో ఒక అంకె చెబుతాడు. సున్నాకు ఎంత దూరమైతే వెలుగు అంత బలహీనం. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటిందంటే ఇవాళ నడిచినా రేపు ఆగుతుంది. ఈ లెక్కలో మూడు అంకెలు దిగజారితే వెలుగు సగం పోయినట్టు. మైనస్ 20 ఉన్నది మైనస్ 23 అయిందంటే సగానికి పడిందన్నమాట. ఆ అంకెను క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసుకోండి. మళ్లీ నెట్ మందగించినప్పుడు "అప్పుడు ఇంత ఉండె, ఇప్పుడు ఇంతుంది" అని చెప్పగలిగే ఇంటికి జవాబు దాటేయడం ఎవరికీ అంత సులువు కాదు.

అన్ని గల్లీల్లోనూ ఫైబర్ ఇంటిదాకా రాదు. కొన్నిచోట్ల కేబుల్ టీవీ ఆపరేటర్ ఎవరి డాబా మీదో ఒక స్విచ్ పెట్టి, అక్కడి నుంచి మామూలు లాన్ తీగలు లాగుతాడు. ఆ స్విచ్‌కు కరెంటు ఆ ఇంటివాళ్లదే. వాళ్లు ఊరికి పోతూ మెయిన్ ఆపేస్తే గల్లీ మొత్తానికి నెట్ బంద్. పైగా లాన్ తీగ వంద మీటర్లకు మించి పనిచేయదు, పిడుగుపాటుకు భయపడుతుంది, వానకు పాడవుతుంది. మీఠీ ఖాడీ వాగు పొంగితే లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఇళ్లలోకి నీళ్లొస్తాయని అక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2006 ఆగస్టులో తాపీ నది వరదకు నగరంలో చాలా భాగం మునిగింది. రూటర్‌నూ దాని అడాప్టర్‌నూ నడుము ఎత్తున బిగించుకోవడం ఆ ఊళ్లో చాదస్తం కాదు. మీ తీగ మొదలు ఎక్కడుందో, ఎవరి డాబా మీదుందో కనెక్షన్ తీసుకునే రోజే అడిగి తెలుసుకోండి.

వై-ఫైకి గోడలే అడ్డు

దీపాలన్నీ పచ్చగా ఉన్నా వెనక గదిలో వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఇది తీగ తప్పు కాదు, ఇంటి తప్పు. తేల్చుకోవడం సులభం. ఫోనులో మొబైల్ డేటా ఆపేయండి. ఆపకపోతే వై-ఫై చచ్చినా ఫోను చడీచప్పుడు లేకుండా సిమ్‌లోని డేటాకు మారిపోయి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఆ తర్వాత రూటర్ పక్కన నిలబడి చూడండి, వెనక గదిలో నిలబడి చూడండి. ఇంకొకరి ఫోనుతోనూ చూడండి. ఒక్క ఫోనులోనే రాకపోతే తప్పు ఆ ఫోనుది. పక్కనే నిలబడినా రాకపోతే తప్పు బయటిది. పక్కన వచ్చి, వెనక గదిలో రాకపోతే అడ్డు మీ గోడలే.

లింబాయత్ వైపు ఇళ్లు ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. మీద ఒక అంతస్తు, దాని మీద ఇంకొకటి, మధ్య స్లాబులు. రూటర్ మాత్రం ముందు గదిలో, దేవుడి పటాల వెనకో ఇనప బీరువా నెత్తినో ఉంటుంది. ఇనుము ఈ తరంగాలను అడ్డుకుంటుంది, సిమెంటు మింగుతుంది. రూటర్‌ను బీరువా మీది నుంచి దించి, ఇంటి మధ్యకు, మెట్ల దగ్గరికి మార్చండి. కొత్త రూటర్ కొనేముందు చేయాల్సిన పని ఇది. దీనికి ఖర్చల్లా నాలుగు మీటర్ల తీగ.

రూటర్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఇంకోటి 5 గిగాహెర్ట్జ్. మొదటిది నెమ్మది, కానీ రెండు గోడలు దాటుతుంది. రెండోది వేగం, కానీ గోడ తగిలితే నీరసిస్తుంది. ముందు గదిలోని టీవీకి, కంప్యూటర్‌కు రెండోది, వెనక గదికి మొదటిది. అయితే ఇరుగుపొరుగు రూటర్లన్నీ ఆ మొదటి దాని మీదే పోగవుతాయి. అందులో ఒకదానికొకటి తగలకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే పనిచేస్తుంది కాబట్టి, అన్నం వేడి చేసినప్పుడల్లా వీడియో కాల్ తెగుతుంటే దెయ్యమేదో పట్టిందనుకోవద్దు. వేగం గురించి కూడా ఒక మాట. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 ఎంబీ ఫైలు దిగుతుందని కాదు. దాన్ని ఎనిమిదితో భాగించాలి, వచ్చేది పన్నెండున్నర. కార్ఖానాలో సాంచెలను ఇంటి నుంచి చూసుకునే సీసీ కెమెరాలు, పైగదుల్లో అద్దెకున్నవాళ్లకు ఇచ్చిన పాస్‌వర్డ్, అన్నీ ఆ పన్నెండున్నరలోంచే తింటాయి.

ఇంకో వింత తగాదా ఉంది. వాట్సాప్ నడుస్తుంది, వెబ్‌సైట్లు తెరుచుకోవు. పేరు చెబితే అంకెల చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ అనే ఏర్పాటు మొరాయించినప్పుడు ఇలా అవుతుంది. ఫోను లేదా రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 అనో 1.1.1.1 అనో రాస్తే చాలావరకు దారికొస్తుంది. మొదటిది గూగుల్‌ది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్‌ది. రెండూ ఉచితమే.

నెట్ ఉంది, మెయిల్ లేదు

అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. తీగ తెగితే మనిషి వస్తాడు. మెయిల్ ఆగితే ఎవరూ రారు.

ఒక పార్టీ చీరల క్యాటలాగ్ అడుగుతాడు. వాట్సాప్‌లో పంపితే ఫొటో చిక్కిపోయి జరీ అంచు పసుపు గీతలా కనిపిస్తుందని, అసలు ఫొటోలే మెయిల్ చేయమంటాడు. పది ఫొటోలు, ఒక్కోటి ఐదు ఎంబీ. జీమెయిల్ ఒక మెయిల్‌కు 25 ఎంబీ దాకానే జతచేయనిస్తుంది. పైగా ఫైలు మెయిల్‌లో సర్దుకునేసరికి సుమారు మూడోవంతు ఉబ్బుతుంది. మీరు కంప్యూటర్లో చూసిన 20 ఎంబీ ఫైలు అవతలివాళ్ల సర్వర్ దగ్గర 26, 27 అయి వెనక్కి కొట్టుకొస్తుంది. పెద్ద ఫైలును డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపాలి. "నెట్ స్లో ఉంది, మెయిల్ పోతలేదు" అంటూ అవుట్‌బాక్స్ ముందు రాత్రంతా కూర్చున్నా ఫలితం లేదు.

వెనక్కి వచ్చిన మెయిల్‌ను చదవకుండా తీసేయొద్దు. మెయిలర్ డీమన్ అనే పేరుతో వచ్చే ఆ ఉత్తరంలో ఒక అంకె ఉంటుంది. నాలుగుతో మొదలైతే అడ్డంకి తాత్కాలికం, సర్వరే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఐదుతో మొదలైతే మళ్లీ పంపినా పోదు, కారణం సరిచేయాలి. 5.1.1 ఉంటే అలాంటి చిరునామానే లేదు, స్పెల్లింగ్ చూసుకోండి. 5.2.2 ఉంటే అవతలివాళ్ల పెట్టె నిండిపోయింది. మీ పెట్టె కూడా నిండవచ్చు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు మాత్రమే కాదు, డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపి. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మనవరాలి పుట్టినరోజు వీడియోలు నిండి, జీఎస్టీ నోటీసు మెయిల్ రాకుండా పోయే రోజులివి.

దుకాణంలోని పాత కంప్యూటర్లో ఔట్‌లుక్ ఉన్నట్టుండి పాస్‌వర్డ్ తప్పంటుంది. పాస్‌వర్డ్ మారలేదు, గూగుల్ నిబంధన మారింది. 2022 మే 30 నుంచి పాత పద్ధతిలో ఉత్త పాస్‌వర్డ్‌తో మెయిల్ తీసుకునే ప్రోగ్రాములను గూగుల్ రానివ్వడం మానేసింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, ఆ ప్రోగ్రాము కోసం విడిగా యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. మెయిల్ తీసుకునే ఐమ్యాప్‌కు పోర్టు 993, పంపడానికి 465 లేదా 587. అదే కంప్యూటర్ ఏ సైటు తెరిచినా సురక్షితం కాదని బెదిరిస్తుంటే అందులో తేదీ చూడండి. ఏళ్లనాటి తేదీ చూపిస్తోందంటే మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది.

వీటన్నిటికంటే పెద్ద జబ్బు వేరే ఉంది. మన ఇళ్లలో చాలా మెయిల్ ఖాతాలు మన చేతుల్లో పుట్టలేదు. పీఎఫ్ కోసమో, పిల్లల స్కాలర్‌షిప్ కోసమో ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు చేసిపెట్టాడు. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండిపోయింది. రికవరీకి ఇచ్చిన నంబరు ఊళ్లో వాడిన పాత సిమ్‌ది. సూరత్ వచ్చాక ఆ సిమ్ రీఛార్జి లేక ఆగిపోయింది. ఆగిన నంబరును కంపెనీలు 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి వెళుతుంది. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను తీసేసే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. పీఎఫ్ డబ్బు అవసరం పడేది కార్ఖానా మానేశాక. మెయిల్ గుర్తొచ్చేదీ అప్పుడే.

వ్యాపారం చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. "మా బ్యాంకు ఖాతా మారింది, పేమెంట్ ఈ నంబరుకు వేయండి" అని తెలిసిన పార్టీ పేరుతో మెయిల్ వస్తే, పాత ఫోన్ నంబరుకు కాల్ చేసి గొంతు విన్నాకే డబ్బు పంపండి. మీ ఖాతాలో ఎవరైనా చొరబడ్డారన్న అనుమానం ఉంటే పాస్‌వర్డ్ మార్చడంతో సరిపెట్టొద్దు. సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా తెరిచి చూడండి. మీ మెయిళ్లన్నీ ఇంకో చిరునామాకు వెళ్లేలా అక్కడే ఏర్పాటు చేసి పెడతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తప్పు మీ ఇంట్లో లేనప్పుడు

ఒక్కోసారి ఇంట్లో అన్నీ సరిగ్గానే ఉంటాయి. 2020 డిసెంబర్ 14న జీమెయిల్, యూట్యూబ్ ప్రపంచమంతటా ముప్పావుగంట సేపు నిలిచిపోయాయి. 2021 అక్టోబర్ 4న వాట్సాప్, ఫేస్‌బుక్ ఆరు గంటలు కనిపించలేదు. 2008 జనవరి చివర ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్లు తెగితే మన దేశంలో నెట్ కుంటుపడింది. 2015 ఆగస్టులో పాటీదార్ల రిజర్వేషన్ ఆందోళన వేడెక్కినప్పుడు సూరత్ సహా గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్‌నే ఆపేశారు. ఇలాంటి నిలిపివేత ఉత్తర్వులను బయటపెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి రోజుల్లో రూటర్‌తో కుస్తీ పట్టడం దండగ. పక్కింటివాళ్లకు ఉందా, వేరే కంపెనీ సిమ్‌లో వస్తోందా అని చూస్తే సంగతి తెలిసిపోతుంది.

తప్పు కంపెనీదే అని తేలితే మాటలతో సరిపెట్టుకోకండి. ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు అడగండి. నంబరు లేని ఫిర్యాదు లెక్కలోకి రాదు, లైన్‌మన్ వాట్సాప్‌కు పెట్టిన మెసేజ్ ఫిర్యాదు కిందికి రాదు. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. 39 రోజుల్లో అక్కడ తేల్చాలి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాలు చేస్తుంది కానీ విడి విడి ఫిర్యాదులు తీసుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. "మీ కేవైసీ గడువు అయిపోయింది, ఈ యాప్ వేసుకుంటే లైన్ బాగుచేస్తాం" అని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసేవాళ్లు కంపెనీ మనుషులు కారు. మీ స్క్రీన్ అవతలివాళ్లకు చూపించే యాప్ ఏదీ వేసుకోకండి.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంటి కనెక్షన్ కస్టమర్ ఐడీ, ప్లాన్ గడువు తేదీ, కంపెనీ కస్టమర్ కేర్ నంబరు, పవర్ మీటర్ చివరిసారి చూపిన అంకె రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరి మెయిల్ తెరిచి, రికవరీ నంబరు ఇప్పుడు జేబులో ఉన్న సిమ్‌దేనా చూడండి. కాకపోతే ఇవాళే మార్చండి. రేపు ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే.